సాఫ్ట్‌వేర్ కొలువులో మన పిల్లల దుఃఖం





పదిహేనేండ్ల కిందట మన బుక్కపట్నం, కొత్తచెరువు వాడల్లో నలుగురు కూర్చుంటే వినపడే కష్టాలు వేరేగా ఉండేవి. వాన రాక శెనక్కాయ ఎండిపోయిందనీ, కూలి గిట్టలేదనీ, హోటల్లో మనకు గ్లాసు వేరే పెట్టినారనీ చెప్పుకునేవాళ్లు. అవేవీ పూర్తిగా పోలేదు. వాటి పక్కన ఇప్పుడు కొత్త కష్టం ఒకటి వచ్చి కూర్చుంది. వందన అయిపోయినాక పక్కకు పిలిచి చెప్తారు: "అన్నా, మావోడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు. జీతం బాగానే వస్తాంది. కానీ మనిషి మనిషిలాగా లేడు. పండక్కు వచ్చినా ఆ డబ్బా ముందరే కూర్చుంటాడు. రాత్రి నిద్రపోడు. ఏమైందిరా అంటే ఏం లేదమ్మా అంటాడు."

ఈ మాట చెప్పేటప్పుడు ఆ తల్లి కొంచెం సిగ్గుపడుతుంది. ఎందుకంటే ఊర్లో అందరికీ అది కష్టంలాగా కనపడదు. ఏసీలో కూర్చుని చేసే పని, నెలకు యాభై వేలో లక్షో, దానికీ దుఃఖమేనా అంటారు. బుద్ధుడు మొదటి ఆర్యసత్యంగా దుఃఖాన్ని పెట్టినాడు. వైద్యుడు మందు రాసే ముందు రోగం ఏదో తెలుసుకున్నట్టు, దుఃఖం ఉందని ఒప్పుకోవాలి, అది ఏమి దుఃఖమో తెలుసుకోవాలి. మన పిల్లలు ఏం పని చేస్తాండారో మనకే తెలియకపోతే వాళ్ల దుఃఖం మనకు ఎట్లా తెలుస్తుంది? అందుకని ముందు ఆ పని సంగతి చెప్తా. నేను బీఏ చదివినోణ్ణి, కంప్యూటరు విద్య నాది కాదు. ఆ పనిలో ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చెప్పింది విని, అడిగి తెలుసుకుని చెప్తాండా.

మీరు ఫోన్‌లో రైలు టికెట్ తీసుకుంటారు, కరెంటు బిల్లు కడతారు. ఆ తెర మీద కనపడే అక్షరాలు, బొమ్మలు, నొక్కే మీటలు కట్టే పనిని ఫ్రంట్ ఎండ్ అంటారు. మీరు మీట నొక్కినాక ఆ లెక్క యాడికి పోవాల, యాడ రాసి పెట్టుకోవాల అని చూసే పని బ్యాక్ ఎండ్. రెండూ ఒక్కడే చేస్తే వాణ్ణి ఫుల్ స్టాక్ డెవలపర్ అంటారు. పేరు రెండింతలైనా జీతం మాత్రం ఒకటే.

ధర్మవరం మగ్గం ఎరిగినవాళ్లకు ఇది ఇంకా సులభంగా అర్థమవుతుంది. పట్టుచీర అంచు మీద హంస రావాలంటే ఏ పోగు లేవాల, ఏ పోగు ఆగాల అని జాకార్డు అట్టల్లోని చిల్లులు చెప్తాయి. ఫ్రాన్సు దేశంలో జాకార్డ్ అనే ఆయన 1804లో ఆ పద్ధతిని తయారు చేసినాడు. కంప్యూటరుకు తాత అనదగ్గ యంత్రాన్ని ఊహించిన చార్లెస్ బాబేజ్, చిల్లుల అట్టల ఆలోచనను ఆ మగ్గం నుంచే తీసుకున్నాడు. కాబట్టి మన పిల్లలు రాసే కోడ్ నేతపనికి దూరపు చుట్టమేమీ కాదు. తేడా ఒక్కటి ఉంది. చీర కోసి మడత పెట్టినాక నేతగాడికి ఆ చీరతో పని తీరిపోతుంది. వెబ్‌సైట్ మాత్రం ఎప్పటికీ మగ్గం మీద నుంచి దిగదు. రాత్రి రెండు గంటలకు అమెరికాలో ఎవరో మీట నొక్కితే పని చేయలేదంటే, బెంగుళూరులో బీటీఎం లేఅవుట్ పీజీ రూములో పడుకున్నోడి ఫోను మోగుతుంది. ఆ వారం ఆన్-కాల్ వంతు వాడిదైతే లేవాల్సిందే. ఫోను మోగని రాత్రి కూడా, మోగుతుందేమో అని సగం నిద్రే. ఒక చెల్లెలు చెప్పింది, ఆ రింగ్‌టోన్ బస్సులో వేరేవాళ్ల ఫోన్లో వినపడినా ఆమెకు గుండె దడ వస్తుందంట.

రెండోది, నేర్చుకున్న విద్య నిలవకపోవడం. సంస్కారాలన్నీ అనిత్యమని మనం వందనలో చెప్పుకుంటాం. ఆ పిల్లలకు అది వల్లించే పాఠం కాదు, దినాం కళ్ల ముందర చూసేదే. 2010లో ఆంగ్యులర్ జేఎస్ అనే పనిముట్టు వచ్చింది. అందరూ పడి నేర్చుకున్నారు. 2013లో ఫేస్‌బుక్ వాళ్లు రియాక్ట్ తెచ్చినారు. 2016లో ఆ ఆంగ్యులర్‌నే మొత్తం విప్పేసి కొత్తగా కట్టినారు, పాతది వచ్చినోడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల. పాతదానికి 2022 మొదలయ్యేసరికి ఆదరువే ఆపేసినారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు కోడ్ యంత్రమే రాస్తుంది, నువ్వెందుకు అనే భయం. వడ్రంగికి బాడిసె, చెప్పులు కుట్టేవాడికి ఆరె ఒకసారి చేతికి అలవాటైతే బతుకంతా తోడుంటాయి. వీళ్లకు మూడేండ్లకొకసారి చేతిలోని పనిముట్టు మారిపోతుంది. పగలంతా పని, రాత్రి కొత్తది నేర్చుకోవడం, శనివారం ఇంటర్వ్యూలకు చదువుకోవడం. వాళ్లకు విశ్రాంతి యాడుంది?

మూడోది టైము. పని ఇచ్చే క్లయింటు అమెరికాలో ఉంటే వాళ్లకు తెల్లవారేసరికి మనకు రాత్రి. పొద్దున పది గంటలకు మన మేనేజరుతో ఒక మీటింగు, రాత్రి తొమ్మిదిన్నరకు క్లయింటుతో ఇంకో మీటింగు. రెండు వారాలకు ఇంత పని అని ముందే లెక్క కడతారు. దానికి స్ప్రింట్ అని పేరు. స్ప్రింట్ అంటే వంద మీటర్ల పరుగు. వంద మీటర్లు ఎవరైనా పరిగెత్తుతారు. ఒక పరుగు ముగిసిన మర్నాడే ఇంకో పరుగు మొదలుపెట్టి, ఏడాదికి ఇరవై ఆరు చేయిస్తే దాన్ని ఏమనాల?

శరీరం దీన్ని ఓర్చుకోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చినాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పని చేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద 7,45,000 మంది ఇట్లా పోయినారు. మన దగ్గరి లెక్క కూడా ఉంది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్ష చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉందని, 71 శాతం మందికి ఊబకాయం ఉందని తేలింది. ఎండలో రాళ్లు కొట్టినోడి పిల్లోడికి నీడలో కూర్చుని జబ్బు చేసింది. ఇది చూస్తాండగానే 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరు యువకులు వారానికి 70 గంటలు పని చేయాలన్నాడు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 గంటల మాట, ఆదివారం కూడా పని చేయించాలనే మాట అన్నట్టు బయటికొచ్చింది. ఈ రెండు మాటలకూ నడుమ, 2024 జూలైలో, పూణేలో ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే 26 ఏండ్ల కేరళ బిడ్డ ఒకామె చనిపోయింది. ఆమెది సాఫ్ట్‌వేరు కాదు, అకౌంట్ల పని. పనిభారమే నా బిడ్డను తీసుకుపోయిందని తల్లి ఆ కంపెనీ పెద్దకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం గురించి దేశమంతా మాట్లాడుకుంది.

ఈడ నాకు ఆళవి నగరపు నేతగాడి కూతురు గుర్తొస్తుంది. ధమ్మపదం అట్ఠకథలో ఉన్న కథ ఇది. అట్ఠకథలు తర్వాతి కాలంలో కూర్చినవి, వాటిలో ప్రతి మాటా బుద్ధవచనమని నేననను. కానీ ఈ కథ మన ధర్మవరం వాకిట్లో జరిగినట్టే ఉంటుంది. బుద్ధుడు ఆళవికి వచ్చినాడు. పదహారేండ్ల ఆ పిల్లకు ధమ్మం వినాలని ఆశ. ఆ పొద్దే తండ్రి చెప్పినాడు: "మగ్గం మీద ఉన్నది వేరేవాళ్ల బట్ట, ఇంకా జానెడు మిగిలింది, ఈ పొద్దు దించేయాల. కండెలు చుట్టి తొందరగా తీసుకురా." ఆ పిల్ల కండెలు చుట్టుకుని, దారిలో బుద్ధుని సభ దగ్గర ఆగి ఆయన అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి, ధమ్మం అర్థం చేసుకుని, పని శాలకు పోయింది. అప్పటికి తండ్రి మగ్గం మీద కూర్చున్నట్టే నిద్రపోతాండాడు. చూసుకోకుండా ఈమె బుట్ట కింద పెట్టేసరికి చప్పుడైంది. ఆయన ఉలిక్కిపడి లేచి, నిద్రమత్తులోనే మగ్గాన్ని లాగినాడు. అది పోయి బిడ్డ రొమ్ముకు తగిలింది. ఆ పిల్ల అక్కడికక్కడే చనిపోయింది.

ఈ కథ చెప్పేవాళ్లు మామూలుగా ఆ పిల్ల జవాబుల దగ్గర ఆగుతారు. చావు తప్పదు, ఎప్పుడొస్తుందో తెలియదు అనేది ఆ జవాబుల సారం. అది గొప్పదే. నేను మాత్రం ఇంకోచోట ఆగుతా. ఆ తండ్రి కూర్చున్నచోటే ఎందుకు నిద్రపోయినాడు? వేరేవాళ్ల బట్ట, జానెడు మిగిలిన పని, ఈ పొద్దే దించాలనే గడువు. అలసిన చేయి ఎవరి మీద పడిందో చూడండి. గడువు పెట్టినవాడు ఆ శాలలో లేనే లేడు. దెబ్బ సొంత బిడ్డకు తగిలింది. ఇప్పుడు కూడా రాత్రంతా ల్యాప్‌టాప్ ముందర కూర్చున్నవాడి చిరాకు క్లయింటు మీద పడదు. ఫోన్ చేసిన అమ్మ మీద పడుతుంది, పెండ్లాం మీద పడుతుంది, పాలకేడ్చే పసిబిడ్డ మీద పడుతుంది.

ఈ దుఃఖానికి రెండు తప్పుడు మందులు బజారులో దొరుకుతాండాయి. ఒకటి పాతది: పూర్వజన్మ కర్మ, గ్రహచారం, హోమం, తాయెత్తు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞలు ఎరిగినవాళ్లం కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను. అయినా ప్రమోషన్ రాలేదని శనిదేవుడికి నూనె పోసి వచ్చే పిల్లలు మన ఇండ్లలో ఇంకా ఉన్నారు, దాచుకుంటే దాగదు.

రెండో మందు కొత్తది, దానికి మన బుద్ధుడి బొమ్మే అంటించి ఉంటుంది. కంపెనీ వాళ్లు శుక్రవారం మధ్యాహ్నం మైండ్‌ఫుల్‌నెస్ అని ఒక గంట పెడతారు. కళ్లు మూసుకో, ఊపిరి చూసుకో, ఒత్తిడి నీ మనసులోనే ఉంది అంటారు. కళ్లు తెరిచేసరికి శనివారం పని మెయిల్ వచ్చి ఉంటుంది. ఆనాపానసతి మనదే, దాన్ని నేను తక్కువ చేయను. దినానికి పది నిమిషాలు ఊపిరి గమనిస్తే మనసుకు నిజంగా మేలు జరుగుతుంది. కానీ ఎద్దుకు ఇంకొన్ని ఎకరాలు దున్నించడానికి పెట్టే మేతలాగా ధ్యానాన్ని వాడితే అది ధమ్మం కాదు. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ చూపించిన ధమ్మం మనిషికీ మనిషికీ నడుమ ఉండేది. మనిషి మనిషికి చేసే అన్యాయం వల్ల పుట్టే దుఃఖాన్ని లోకంలో నుంచి తీసేయడం దాని పని.

ఒక తమ్ముడు నన్ను అడిగినాడు: "అన్నా, మాలుంక్యపుత్తుడికి బుద్ధుడు చెప్పింది ఏమి? విషబాణం తగిలినోడు, వేసింది ఎవరు, ఏ కులమోడు, ఏ ఊరోడు అని అడుగుతా కూర్చుంటే చచ్చిపోతాడు, ముందు బాణం పీకించుకోవాల అని కదా? మరి మనం కంపెనీని, ప్రభుత్వాన్ని ఎందుకు అడగాల?" మంచి ప్రశ్న. మాలుంక్యపుత్తుడు అడిగింది లోకం శాశ్వతమా కాదా, దీనికి అంతు ఉందా లేదా అని. ఆ ప్రశ్నలకు జవాబు దొరికినా ఒక్కరి దుఃఖం కూడా తగ్గదు. బాణాలు దినాం ఒకే గోడ వెనక నుంచి వస్తాంటే, ఒకరి తర్వాత ఒకరికి తగులుతాంటే, ఆ గోడ వెనక ఏముందో చూడటం దుఃఖ కారణాన్ని వెతకడమే. అది రెండో ఆర్యసత్యం. ముందు బాణం పీకాల, నిజమే. పీకి మళ్లీ అదే చోట నిలబెట్టడం వైద్యం అనిపించుకోదు.

సోణుడి కథ మీకందరికీ తెలుసు. కాళ్లు నెత్తురు కారేదాకా చంక్రమణం చేసి, ఇంత శ్రమ చేసినా ఫలం రాలేదని సోణ కోళివిసుడు ఇంటికి పోదామనుకున్నాడు. బుద్ధుడు ఆయన దగ్గరికే వచ్చి, వీణ వాయించేవాడివి కదా, తీగ బాగా బిగిస్తే పలుకుతుందా, వదులైతే పలుకుతుందా అని అడిగినాడు. బుద్ధుడు సోణుణ్ణి సోమరివని తిట్టలేదు, ఇంకొంచెం ఓర్చుకోమనలేదు. శ్రమను సమంగా పెట్టుకోమన్నాడు. సమ్మా వాయామం అంటే అదే. కానీ సోణుడి తీగ బిగింపు సోణుడి చేతిలోనే ఉంది. మన పిల్లోడి తీగ బిరడా మేనేజరు చేతిలో ఉంది.

బిరడా పట్టుకున్నోడికి కూడా బుద్ధుడు చెప్పినాడు. దీఘనికాయంలో సిగాలోవాద సుత్తం ఉంది. గృహస్థుల వినయం అంటారు దాన్ని. అందులో పని ఇచ్చేవాడు పనివాళ్ల పట్ల నడుచుకోవాల్సిన తీరు ఐదు మాటల్లో ఉంది. బలాన్ని బట్టి పని ఇవ్వాల. తిండి, కూలి ఇవ్వాల. జబ్బు పడితే చూసుకోవాల. మంచి వస్తువు దొరికితే వాళ్లకూ పంచాల. వేళకు సెలవివ్వాల. రెండున్నర వేల ఏండ్ల కిందటి మాట! బలాన్ని బట్టి పని అన్నాడు గానీ గడువును బట్టి పని అనలేదు. ఆ సుత్తంలోనే పనివాడికీ ఐదు ధర్మాలున్నాయి. పని బాగా చేయాల, ఇచ్చింది మాత్రమే తీసుకోవాల, యజమాని మంచిపేరు నిలపాల అని. మన పిల్లలు తమ ఐదూ పాటిస్తానే ఉన్నారు. అవతలి ఐదు ఏమైనాయి అని అడగడం ధమ్మానికి విరుద్ధం కాదు.

బాబాసాహెబ్ ఆ ప్రశ్నను చట్టంగా మార్చినారు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉన్నప్పుడు, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటల పనిని 48 గంటలకు దించడానికి బిల్లు తెచ్చినారు. 1946లో అది చట్టమైంది. ఎనభై ఏండ్ల కిందట ఆయన దించిన గంటలను ఇప్పుడు 70, 90 అని మళ్లీ ఎత్తుతాండారు. 2024 జూలైలో కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల పనిదినాన్ని 14 గంటల దాకా పెంచే ప్రతిపాదన వచ్చింది. బెంగుళూరులోని ఐటీ ఉద్యోగుల సంఘం, కేఐటీయూ అంటారు, రోడ్డెక్కి వ్యతిరేకించింది. సాఫ్ట్‌వేరోళ్లకు సంఘం ఏంది అని మన పిల్లలే నవ్వుతారు. బోధించు, పోరాడు, సంఘటితం కమ్ము అని ఫొటో కింద రాసి పెట్టుకునేవాళ్లం మనమే.

ఇంతవరకూ చెప్పింది ఏ కులం పిల్లలకైనా వర్తిస్తుంది. మన పిల్లల మీద ఇంకో మూట ఉంది.

మన పిల్లోడు ఇంట్లో మొదటి డిగ్రీ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ అయిపోయినా, హాస్టలుకు, కోర్సుకు, ఉద్యోగం దొరికేదాకా రూము బాడుగకు అప్పు అయ్యుంటుంది. వెనక భూమి లేదు. ఉద్యోగం పోతే ఆర్నెల్లు కూర్చోబెట్టి సాకే మామ లేడు. 2025 జూలైలో టీసీఎస్ కంపెనీ ఒక్కటే పన్నెండు వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఆ వార్త విన్న రాత్రి భూమి ఉన్నోడికీ, లేనోడికీ నిద్ర ఒకటేలా పడుతుందా? ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. ఉన్నదల్లా పరిచయాలు, రెఫరెన్సులు. మన వాడ నుంచి ముందు పోయినవాళ్లే లేనప్పుడు రెఫరెన్సు ఎవరిస్తారు?

ఆపైన దాపరికం. టీములో అందరూ మంచోళ్లే. మధ్యాహ్నం బాక్సు తెరిచేటప్పుడు ఒకరు అడుగుతారు: "మీదే ఊరు? బుక్కపట్నమా? అందులో ఏ వీధి? ఇంటిపేరేంది?" ఆ ప్రశ్న వెనక ఏముందో మన పిల్లోడికి తెలుసు. నవ్వి మాట తప్పిస్తాడు. రూములో బాబాసాహెబ్ పటం పెట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తాడు. ఏప్రిల్ 14న స్టేటస్ పెడతాడు గానీ ఆఫీసు వాళ్లకు కనపడకుండా పెడతాడు. రాత్రి రెండు గంటల ఆన్-కాల్ కంటే ఈ కాపలా పని ఎక్కువ అలసట. దీనికి జీతం కూడా లేదు. అమెరికా పోయినా వదలదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి, దళిత ఇంజనీరు మీద కుల వివక్ష జరిగిందని సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. కంపెనీ కాదంది. ఇద్దరు సూపర్‌వైజర్ల మీద కేసును 2023లో ఆ విభాగమే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద మాత్రం వదల్లేదు. అదే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అంత దూరాన చట్టం చేయాల్సి వచ్చిందంటే కులం ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి.

ఈ మూటకు మనం కూడా కొంత బరువు వేస్తాం. "నువ్వు ఓడిపోతే వాడంతా ఓడిపోయినట్టే" అంటాం. ఇంకొకరు, "బాబాసాహెబ్ దినానికి 18 గంటలు చదివినారు, నువ్వు 12 గంటలకే అలిసిపోయినావా" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. బాబాసాహెబ్ ఆ శ్రమ తానే ఎంచుకుని, కోట్ల మంది విముక్తి కోసం చేసినారు. అమెరికాలో ఎవరో బట్టలమ్మే కంపెనీ వెబ్‌సైట్ మీట రంగు మార్చడం కోసం చేయలేదు. పైగా ఆయన శరీరం దానికి మూల్యం కట్టింది. మధుమేహం, నరాల నొప్పులు, నిద్ర పట్టకపోవడం ఆయన్ను చివరి ఏండ్లలో ఎంత పీడించినాయో జీవితచరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 65 ఏండ్లకే పోయినారు. ఆయన ఇంకో పదేండ్లు ఉండుంటే అని మనం ఎన్నిసార్లు అనుకోలేదు?

ఇంకో సంగతి చెప్పాల, కొందరికి కోపం వస్తుంది. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేసి, పని చేయని కంపెనీలో మూడేండ్లు చేసినట్టు కాగితాలు కొని ఉద్యోగంలో చేరడం. ఫ్రెషర్లను తీసుకోరు, ఎక్స్‌పీరియెన్స్ కావాలంటారు, మరి మొదటి ఎక్స్‌పీరియెన్స్ యాణ్ణుంచి వస్తుంది అని పిల్లలు అడుగుతారు. అందులో న్యాయం ఉంది. తలుపు మూసిపెట్టినోడి తప్పు నేను కప్పిపుచ్చను. అయినా ముసావాద శీలం ఉండేది మనల్ని శిక్షించడానికి కాదు, కాపాడటానికి. మూడేండ్లు చేసినోడి పని మొదటి నెలలోనే చేసి చూపించాల. రాత్రులు వేరేవాళ్లకు డబ్బులిచ్చి తన పని చేయించుకునేవాళ్లున్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే మాట వింటేనే చెమటలు. అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థు సుఖాలు నాలుగు చెప్పినాడు: సంపాదించిన సుఖం, అనుభవించే సుఖం, అప్పు లేని సుఖం, నింద లేని సుఖం. నాలుగోది మిగతా మూడింటికంటే ఎంతో పెద్దదన్నాడు. లక్ష రూపాయల జీతంతో మొదటిది వస్తుంది. ఈఎంఐల వల్ల మూడోది పోతుంది. దొంగ కాగితంతో నాలుగోది పోతుంది. కన్సల్టెన్సీకి లక్షలు కట్టే ముందు, ఆ డబ్బుతో ఒక ఏడాది తక్కువ జీతానికైనా చిన్న కంపెనీలో నిజమైన పని నేర్చుకోవచ్చేమో ఆలోచించమని అడుగుతాండా. ఇప్పటికే ఆ దారిలో పోయినోళ్లను వెలివేయొద్దు. వాళ్లు భయంలో ఉన్నారు, వాళ్లకు మనిషి తోడు ఇంకా ఎక్కువ కావాల.

తోడు గురించి ఒకసారి ఆనందుడు, కల్యాణమిత్రులు ఉండటం ఈ మార్గంలో సగం కదా భంతే అన్నాడు. అట్లనొద్దు ఆనందా, అదే మార్గమంతా అన్నాడు బుద్ధుడు. కాబట్టి బెంగుళూరులో, హైదరాబాద్‌లో ఉన్న మన పిల్లలు ఒకరికొకరు తెలిసి ఉండాల. మారతహళ్లిలో ఒకడు, ఎలక్ట్రానిక్ సిటీలో ఒకడు, ఇద్దరిదీ బుక్కపట్నం మండలమే, ఒకరికొకరు తెలియరు. నెలకొక ఆదివారం కలిసి వందన చేసుకుని, ఒక పూట కలిసి తింటే చాలు. రెఫరెన్సులు ఆడనే పుడతాయి. ఆఫర్ లెటర్‌లో బాండు ఉందా, నోటీసు కాలం ఎంత, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతాండారా అని ముందు పోయినోడు వెనక వచ్చేవాడికి చెప్పొచ్చు. జీతం వచ్చిన మొదటి ఏడాదే ఇల్లు, కారు అని అప్పు ఎత్తుకోకుండా ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకోవాల. ఆ డబ్బు చేతిలో ఉన్నోడే మేనేజరుకు "ఈ శనివారం రాలేను సార్" అని చెప్పగలడు.

తల్లిదండ్రులకు ఒక మాట. జీతమెంత, పెండ్లెప్పుడు అని అడిగే ముందు, తిన్నావా, నిద్రపోయినావా అని అడగండి. వాడు ఉద్యోగం మానేస్తానంటే ఆ రాత్రే తీర్పు చెప్పకండి. "ఇంటికి రా నాయనా, నాలుగు దినాలుండు, తర్వాత మాట్లాడదాం" అనండి. చాలాసార్లు ఆ నాలుగు దినాలతోనే మనిషి తేరుకుంటాడు. తేరుకోకపోతే, అన్నం సయించక, ఎవరితోనూ మాట్లాడక, బతికి ఏం లాభం అనే మాట నోట్లో వస్తే, అది సోమరితనమూ కాదు, దయ్యమూ కాదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సిన జబ్బు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ సేవ అది, డబ్బులు కట్టాల్సిన పని లేదు. ఈ నంబరు పుస్తకం అట్ట మీద కూడా రాసుకోండి.

చివరిగా మన సమితి వాళ్లు అనుకున్న సంగతి. పౌర్ణమి వందన ఇన్నాళ్లూ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెడతా వచ్చినాం. ఇంటి నుంచి పని చేసుకునే పిల్లలు ఐదారుగురు, రాత్రి తొమ్మిదిన్నరకు క్లయింటు కాల్ ఉంటుందని, సగంలో లేచిపోవడం బాగుండదని, రావడమే మానేసినారు. వచ్చే పౌర్ణమి నుంచి ఏడు గంటలకే త్రిశరణం మొదలవుతుంది. పొలం నుంచి, కూలి నుంచి వచ్చే అక్కలు, అన్నలు ఆ ఒక్క దినం కొంచెం ముందుగా రావాలని మనవి. ఎనిమిదింటికి వందన అయిపోతుంది. ఆపైన ఒక గంటసేపు ఆ పిల్లలు మాట్లాడతారు, మనం విందాం.